640 షేర్లు, 30కి 7 నిష్పత్తి: గొడవ పెట్టుకోవాలా, ఇంకొన్ని కొనాలా?

ప్రశ్న: మిర్చియార్డు గుమస్తా (గుంటూరు)

అందరికీ నమస్కారం. గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీలో ఇరవై రెండేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. షేర్లలోకి దిగింది మాత్రం 2020 లాక్‌డౌన్‌లో, ఇంట్లో ఊరికే కూర్చోలేక.

నా దగ్గర ఒక కంపెనీవి 640 షేర్లున్నాయి. పేరు చెప్పను, చెబితే రేటు ఎక్కించడానికి వచ్చాడంటారు. సగటున 310 పడింది. ఆ కంపెనీలో 68 శాతం వాటా దాని మాతృసంస్థది. ఆ సంస్థ కూడా మార్కెట్లో ఉన్నదే. పోయిన నెల దీన్ని తనలో కలిపేసుకుంటున్నట్టు ప్రకటించింది. మన 30 షేర్లు తీసుకుని వాళ్లవి 7 ఇస్తారట. వాళ్ల షేరు ఇవాళ 1,380. ఆ లెక్కన మనది 322 పలకాలి. పలుకుతున్నది 296. ప్రకటనకి ముందు 255 దగ్గర ఉండేది.

నాకు ఒకపక్క కోపంగా ఉంది. రెండేళ్ల కిందట ఇదే షేరు 450 చూసింది. పడుకుని ఉన్నప్పుడు చూసి లేపుకుపోతున్నారనిపిస్తోంది. రైతుకి పెళ్లి ఖర్చుందని తెలిసి యార్డులో రేటు కోసినట్టుంది వ్యవహారం. యూట్యూబులో ఒకాయన "75 శాతం ఓట్లు చాలు, ప్రమోటరుకే 68 ఉంది, మీ ఓటు వేసినా ఒకటే, చించినా ఒకటే" అన్నాడు.

ఇంకోపక్క ఆశ. 322 రావలసింది 296కి దొరుకుతుంటే 26 రూపాయలు తేరగా ఉన్నట్టే కదండీ? ఖమ్మంలో కొని గుంటూరులో అమ్మినట్టు. మా బావమరిది ఐదు లక్షలు ఇస్తానంటున్నాడు, నూటికి రూపాయిన్నర వడ్డీ. దానికి 1,689 షేర్లొస్తాయి. దాదాపు నలభై నాలుగు వేలు మిగులు. పైగా వాడి స్నేహితుడొకడు ఆ డీలు చూసే ఆడిటర్ల ఆఫీసులో ఉన్నాడట, నిష్పత్తి ఇంకొంచెం పెరగొచ్చని వాడి మాట.

అన్యాయమని అరుస్తూనే మరికొన్ని కొనడం ఏం బుద్ధో, నాకే నవ్వొస్తోంది. కానీ రెండూ చేయొచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు: బేరం పెద్దాయన (విజయవాడ)

గుమస్తాగారూ, వడ్డీ చిట్టాలు రాసే చేత్తో ఈ ప్రశ్న ఎలా రాశారండీ?

296 మీద నూటికి రూపాయిన్నరంటే నెలకి 4 రూపాయల 44 పైసలు. ఆరో నెల పూర్తయ్యేసరికి మీ 26 మొత్తం బావమరిది జేబులోకి పోతుంది. ఏడో నెల నుంచి మీ జేబులోది. మరి మన దేశంలో విలీనం ఆరు నెలల్లో అవుతుందా? హెచ్‌డీఎఫ్‌సీ లిమిటెడ్‌ను హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకులో కలుపుతున్నామని 2022 ఏప్రిల్ 4న చెప్పారు. అమల్లోకి వచ్చింది 2023 జులై 1. అంత పెద్ద ఇల్లు, అంతమంది లాయర్లు, అయినా పదిహేను నెలలు పట్టింది. ఎక్స్ఛేంజీలు, సెబీ (షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ), షేర్‌హోల్డర్ల మీటింగు, ఎన్‌సీఎల్‌టీ (కంపెనీ కేసుల ట్రిబ్యునల్), ఒక్కో గుమ్మం దగ్గర కాస్సేపు నిలబడాలి.

పోనీ అప్పు వద్దు, సొంత డబ్బే అనుకోండి. బ్యాంకులో ఏడు శాతానికి వేసుకున్నా 296కి పదిహేను నెలల్లో 25 రూపాయల 90 పైసలు వస్తుంది. మీకు తేరగా కనిపించిన 26కీ దానికీ తేడా పది పైసలు. ఆ పది పైసలకి మీరు మోసేదేమిటో కూడా వినండి.

ఒకటి, 322 అనేది ఎవరూ మీకు రాసిచ్చిన మాట కాదు. రాసిచ్చింది 30కి 7. మాతృసంస్థ 1,380 నుంచి 1,200కి జారితే మీ 322 కాస్తా 280 అవుతుంది. పెద్ద ఫండ్లవాళ్లకి ఈ బాధ లేదు. ఇటు చిన్న కంపెనీవి 30 కొంటూ అటు పెద్ద కంపెనీవి 7 ఫ్యూచర్స్‌లో, అంటే ముందు తేదీకి ఇవాళ్టి ఒప్పంద ధరకే, అమ్మేస్తారు. ధర ఎటు పోయినా మధ్యలో తేడా వాళ్లకి మిగులుతుంది. ఆర్బిట్రేజ్ అంటే అది. అమ్మే కాలు లేకుండా కొనే కాలు ఒక్కటే పెడితే మీరు చేస్తున్నది ఆర్బిట్రేజ్ కాదు. మాతృసంస్థ షేరును 1,269 లెక్కన ఇప్పుడు డబ్బు కట్టి, ఏడాది దాటాక డెలివరీ తీసుకోవడం, అంతే. ఆ కంపెనీ మీకు ఎలాగూ కావలసిందే అయితే తప్పు లేదు. కానీ ఖమ్మం-గుంటూరు పోలిక మాత్రం తీసేయండి. ఇది ఏప్రిల్లో మిర్చి టిక్కీలు (బస్తాలు) కోల్డ్ స్టోరేజీలో పెట్టి అన్ సీజన్ కోసం చూడటం లాంటిది. అద్దె నడుస్తుంది, వడ్డీ నడుస్తుంది, రేటు ఎవడి చేతిలోనూ లేదు. దాని సంగతి నాకంటే మీకే తెలుసు.

రెండోది, అసలు విలీనమే జరగకపోతే? జీ-సోనీ గుర్తుందా? 2021 డిసెంబర్‌లో సంతకాలు. 2022 అక్టోబర్‌లో షేర్‌హోల్డర్లు 99.99 శాతం ఊ అన్నారు. 2023 ఆగస్టులో ఎన్‌సీఎల్‌టీ ఊ అంది. పెళ్లి పందిరి వేసి, బాజాలు మోగాక 2024 జనవరి 22న సోనీ వద్దంది. మర్నాడు ఒక్కరోజులో జీ షేరు దాదాపు మూడో వంతు పోయింది. మీ కంపెనీది అలా అయితే కనీసం పాత 255కి వస్తుందనుకుందాం. జరిగితే 26 లాభం, చెడితే 41 నష్టం. వడ్డీ మాట వదిలేసినా, పదింట ఆరుసార్లకి పైగా జరిగితేనే గిట్టుబాటు.

మార్కెట్ ఆ 26ని ఊరికే వదిలేసిందనుకోకండి. అది కాపలా జీతం. ఇవాళ్టి లెక్కలో ఆ జీతం కూడా సున్నాకి దగ్గరగా ఉంది.

నేనూ ఈ ఆట ఒకసారి ఆడాను. 2012 మార్చిలో మహీంద్రా సత్యం 17 షేర్లకి టెక్ మహీంద్రా 2 ఇస్తామన్నప్పుడు 340 కొన్నాను. నాకు 40 రావాలి. వచ్చాయి, కానీ 2013 జూన్ దాకా హైకోర్టు తీర్పు కోసం పంచాంగం చూసుకుంటూ కూర్చున్నాను. అప్పట్లో ఎన్‌సీఎల్‌టీ లేదు, ఇటు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, అటు బొంబాయి హైకోర్టు, రెండు చోట్లా ఆమోదం కావలసి వచ్చింది. లాభమే వచ్చింది. ఆ లాభం నిష్పత్తి తేడా వల్ల రాలేదు, టెక్ మహీంద్రా పెరగడం వల్ల వచ్చింది. చాలా ఏళ్లు నా తెలివే అనుకుని తిరిగాను.

హక్కుల సంగతి నాకు అంతగా రాదు. మన సీఎస్ (కంపెనీ సెక్రటరీ) అమ్మాయి వస్తే చెబుతుంది.

జవాబు: హిమాయత్‌నగర్ సీఎస్ (హైదరాబాద్)

వచ్చాను బాబాయ్ గారూ.

గుమస్తాగారూ, ముందు ఆడిటర్ల ఆఫీసు సంగతి. ఆ సంభాషణ ఇక్కడితో ఆపేయండి. బయటికి రాని ధర సమాచారం చెప్పడమే కాదు, విని షేరు కొనడమూ నేరమే. సెబీ చట్టంలో ఇన్‌సైడర్ ట్రేడింగ్‌కి జరిమానా కనీసం 10 లక్షలు, గరిష్ఠం 25 కోట్లు లేదా లాభానికి మూడు రెట్లు, రెండిట్లో ఏది ఎక్కువైతే అది. నలభై నాలుగు వేల లాభానికి పది లక్షల జరిమానా కట్టాల్సి రావచ్చు. ఆ కుర్రాడి ఉద్యోగం కూడా పోతుంది.

ఇక యూట్యూబాయన చెప్పింది సగం నిజం. కంపెనీల చట్టం 230వ సెక్షన్ ప్రకారం ఓటు వేసినవాళ్లలో తలల లెక్కన మెజారిటీ, విలువ లెక్కన నాలుగింట మూడొంతులు కావాలి. ఆ లెక్కలో ప్రమోటర్ ఓటూ ఉంటుంది. 68 చేతిలో ఉన్నవాళ్లకి అది కొండేం కాదు. ఆయన చెప్పనిది ఏమిటంటే, స్కీములో, అంటే విలీన ప్రణాళికలో, అవతలి పక్షం ప్రమోటరే అయినప్పుడు సెబీ ఇంకో లెక్క కూడా అడుగుతుంది. ప్రమోటర్లను పక్కన పెట్టి, పబ్లిక్ షేర్‌హోల్డర్లు ఈ-ఓటింగ్‌లో వేసిన ఓట్లలో వ్యతిరేకం కంటే అనుకూలం ఎక్కువ ఉండాలి. అంటే మీ పోటీ 68తో కాదు, మిగిలిన 32తో. అందులోనూ ఓటు వేసినవాళ్లతోనే. చిన్న మదుపరులు చాలామంది ఆ మెయిల్ తెరవనే తెరవరు కాబట్టి వేసినవాళ్ల బరువు ఇంకా పెరుగుతుంది.

ఈ లెక్క ఎంత దగ్గరగా పోతుందో ఐసీఐసీఐ సెక్యూరిటీస్‌లో చూశాం. 2018లో 520 ధరకి ఐపీఓకి (తొలిసారి జనానికి షేర్లు అమ్మడానికి) వచ్చిన కంపెనీ అది. 2023 జూన్‌లో డీలిస్ట్ చేసి (ఎక్స్ఛేంజీ నుంచి తీసేసి) ఐసీఐసీఐ బ్యాంకుకి పూర్తి అనుబంధ సంస్థగా మారుస్తామన్నారు, 100 షేర్లకి బ్యాంకువి 67. అది డీలిస్టింగ్ కాబట్టి నియమం ఇంకా గట్టిది, పబ్లిక్‌లో అనుకూల ఓట్లు వ్యతిరేక ఓట్లకి కనీసం రెండు రెట్లుండాలి. అంటే 66.67 శాతం. 2024 మార్చిలో వచ్చింది 71.89. సంస్థలు గట్టిగా అనుకూలం, చిన్న మదుపరుల వర్గంలో మూడింట రెండొంతుల ఓట్లు వ్యతిరేకం. ఇంకో అయిదారు శాతం అటు తిరిగి ఉంటే స్కీము పడిపోయేది. ఓటింగ్ సమయంలో షేర్‌హోల్డర్లకి చేసిన ఫోన్ల తీరు మీద బ్యాంకుకి సెబీ తర్వాత హెచ్చరిక లేఖ కూడా ఇచ్చింది.

ఓటు దాటాక తలుపు సన్నబడిపోతుంది. 230(4) ప్రకారం స్కీము మీద అభ్యంతరం చెప్పాలంటే కనీసం 10 శాతం వాటా ఉండాలి, అప్పిచ్చినవాళ్లయితే మొత్తం బకాయిల్లో 5 శాతం. ఐసీఐసీఐ సెక్యూరిటీస్‌లో ఎదురు తిరిగినవాళ్లలో క్వాంటమ్ మ్యూచువల్ ఫండ్ ఒకటి. దాని వాటా ఒక్క శాతం కూడా లేదు. 2024 ఆగస్టులో ఎన్‌సీఎల్‌టీ ముంబై బెంచ్ అభ్యంతరాలు తోసిపుచ్చింది, 2025 మార్చిలో అప్పీలూ పోయింది, అదే నెలలో షేరు ఎక్స్ఛేంజీ నుంచి వెళ్లిపోయింది. ఒక మ్యూచువల్ ఫండుకే అలా అయితే మీ 640తో ట్రిబ్యునల్ మెట్లెక్కడం ఎలా ఉంటుందో చూసుకోండి.

నిష్పత్తి సంగతి. "ఇంకొంచెం ఇస్తే బావుండేది" అంటే కోర్టులు వినవు. 1994లో టాటాల సబ్బుల కంపెనీ టామ్కో హిందుస్థాన్ లీవర్‌లో కలిసిన కేసులో, 15కి 2 నిష్పత్తి మీద సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. నిపుణులు గుర్తింపు ఉన్న పద్ధతిలో లెక్క కట్టి, అధిక సంఖ్యాకులు ఒప్పుకున్నాక కోర్టు తక్కెడ పట్టుకుని మళ్లీ తూచదు. 450 నుంచి 255కి పడ్డప్పుడు చేశారన్న మీ కోపం న్యాయమైనదే కావచ్చు, కానీ అదొక్కటే వాదన కాదు. వాల్యుయేషన్ రిపోర్టు (నిష్పత్తి ఎలా కట్టారో చెప్పే నివేదిక) తీసి చదవండి, మీరు లెక్కల మనిషి. మార్కెట్ ధరకి ఎంత తూకం వేశారు, భవిష్యత్ రాబడికి ఎంత వేశారు, రెండు కంపెనీలకీ ఒకే తూకం వేశారా? చిన్న కంపెనీ పేరున ఉన్న భూమి పాత పుస్తక ధరకే ఉండిపోయిందా? అక్కడ ఏదైనా దొరికితే అది సరుకున్న ఫిర్యాదు అవుతుంది.

ఆ ఫిర్యాదుకి సమయం ఇప్పుడే. డ్రాఫ్ట్ స్కీము ఎక్స్ఛేంజీకి ఇచ్చిన రోజు నుంచి 21 రోజుల్లో వచ్చిన ఫిర్యాదులన్నీ లెక్కగట్టి కంపెనీ ఎక్స్ఛేంజీకి నివేదిక ఇవ్వాలి. 21 రోజులు ప్రకటన తేదీ నుంచి కాదు, ఎక్స్ఛేంజీలో వేసిన తేదీ నుంచి. ఇవాళే వెబ్‌సైట్‌లో చూడండి. సెబీ ఫిర్యాదుల సైటు స్కోర్స్‌లోనూ పెట్టండి. అది సెబీ ముందుకి పోతుంది. డీలు ఆగుతుందని నేను చెప్పను. కానీ సెబీ అడిగే ప్రశ్నల్లో మీ ప్రశ్న ఒకటి చేరే అవకాశం ఉన్న ఘట్టం ఇదే.

మీరు అడగలేదు గానీ, పన్ను. విలీనంలో షేరుకి షేరు మారినప్పుడు పన్ను పడదు. మీ పాత కొనుగోలు ధర, పాత తేదీ కొత్త షేర్లకి వస్తాయి, 310 కాస్తా షేరుకి దాదాపు 1,329 అవుతుంది. 640కి లెక్క కడితే 149.33. ఆ 0.33కి షేరు రాదు. అందరి ముక్కలూ కలిపి ట్రస్టీ అమ్మి డబ్బు పంపుతాడు.

జవాబు: జెర్సీ తెలుగోడు (న్యూజెర్సీ)

అన్నా, మా దగ్గరైతే మీలాంటోళ్లకి ఇంకో దారుంది, అప్రైజల్. డెలావేర్ రాష్ట్రంలో డబ్బిచ్చి కొనేసే విలీనాలకి "నీ ధర నాకొద్దు, జడ్జిగారు చెప్పిన ధర ఇవ్వు" అని కోర్టుకి పోవచ్చు. 10 శాతం అడ్డం లేదు. తీర్పు వచ్చేదాకా ఫెడ్ (అమెరికా కేంద్ర బ్యాంకు) డిస్కౌంట్ రేటు మీద ఇంకో 5 శాతం వడ్డీ. ఆ వడ్డీ కోసమే డీలు ప్రకటించాక షేర్లు కొని కోర్టుకెళ్లే ఫండ్లు పుట్టుకొచ్చాయి. మీ బావమరిదికి తెలిస్తే వీసాకి అప్లై చేస్తాడు.

2013లో మైకేల్ డెల్, సిల్వర్ లేక్ అనే పెట్టుబడి సంస్థ కలిసి డెల్ కంప్యూటర్ల కంపెనీని షేరుకి 13.75 డాలర్లకి కొనేశారు. కొంతమంది అప్రైజల్‌కి పోయారు. 2016లో డెలావేర్‌లోని ఛాన్సరీ కోర్టు 17.62 అంది. 2017 డిసెంబర్‌లో పై కోర్టు దాన్ని కొట్టేసింది. అసలు తమాషా టీ రో ప్రైస్ అనే ఫండ్ల సంస్థది. డీలు వద్దని బయట గోల చేసింది వాళ్లే, తీరా ఓటు పొరపాటున అనుకూలంగా పడింది. అనుకూలంగా ఓటేస్తే అప్రైజల్ హక్కు పోతుంది. చివరికి తమ క్లయింట్లకి సొంత జేబులోంచి 194 మిలియన్ డాలర్లు కట్టారు. కాబట్టి ఓటు నొక్కేటప్పుడు కళ్లజోడు పెట్టుకోండి.

ఇంకోటి అరుబా అనే నెట్‌వర్క్ పరికరాల కంపెనీ. దాన్ని కొన్న హెచ్‌పీ షేరుకి 24.67 డాలర్లు ఇచ్చింది, చాలదని కోర్టుకెళ్తే మొదట 17.13 అన్నారు, 2019లో పై కోర్టు 19.10 చేసింది. ఎక్కువ అడగబోయి ఉన్నదానికంటే తక్కువ తెచ్చుకున్నారు. ఇండియాలో ఇలాంటి హక్కు ఉందా మేడమ్?

జవాబు: హిమాయత్‌నగర్ సీఎస్

స్కీము ద్వారా జరిగే విలీనంలో లేదండీ. స్కీము పాసైతే వ్యతిరేకించినవాళ్లకీ అదే నిష్పత్తి. వేరే దారిలో, అంటే చిన్న వాటాదారుల షేర్లు రద్దు చేసి డబ్బిచ్చే కేసుల్లో కోర్టు ధర పెంచిన సందర్భం క్యాడ్బరీ ఇండియా. 2009లో కంపెనీ 1,340 అంది. 2014లో బొంబాయి హైకోర్టు 2,014.50గా తేల్చింది. అయిదేళ్లు పట్టింది.

జవాబు: బేరం పెద్దాయన

హక్కుల గురించి నాకు తెలిసింది ఒకటే చెబుతాను, మన హైదరాబాద్‌దే కాబట్టి. 2008 డిసెంబర్ 16 సాయంత్రం సత్యం బోర్డు మేటాస్ రెండు కంపెనీలనీ 160 కోట్ల డాలర్లకి కొంటామంది. అవి ఛైర్మన్ కుటుంబానివే. షేర్‌హోల్డర్లని ఓటు అడగలేదు. విదేశీ ఫండ్లు ఫోన్లలో విరుచుకుపడ్డాయి, అమెరికాలో షేరు ఒక్క రాత్రిలో సగానికి పైగా పోయింది, తెల్లారేసరికి డీలు వెనక్కి. మూడు వారాలకి, జనవరి 7న, లెక్కల్లో మోసం చేశానని ఛైర్మన్ రామలింగరాజు ఒప్పుకున్న ఉత్తరం బయటికొచ్చింది. లేని నగదుని ఉన్న ఆస్తులతో పూడ్చడానికే ఆ కొనుగోలు అని అందులోనే ఉంది. ఆ రాత్రి వాటాదారులు ఊరుకుని ఉంటే బొక్క మరికొన్నాళ్లు కప్పబడి ఉండేది. ప్రమోటర్ల సొంత కంపెనీలతో పెద్ద బేరాలకి మిగతా వాటాదారుల ఓటు తప్పనిసరి చేసిన నియమాలు వచ్చింది దాని తర్వాతే.

అందుకని, కొనొద్దంటాను గానీ ఓటు వేయొద్దనను. అవి రెండూ వేరు వేరు పనులు.

మిర్చియార్డు గుమస్తా

అందరికీ దండాలు. పెద్దాయన గారూ, మీ 4 రూపాయల 44 పైసలు చదివి సిగ్గేసింది. రోజూ రైతుల ఖాతాల్లో నేను రాసే లెక్కే అది. నా విషయంలో మాత్రం గుర్తు రాలేదు.

వాల్యుయేషన్ రిపోర్టు ఆదివారం కూర్చుని చదివాను, 41 పేజీలు. మార్కెట్ ధరకి సగం తూకం, రాబడికి సగం, రెండు కంపెనీలకీ అంతే. అందులో మోసమేం కనిపించలేదు. కానీ చిన్న కంపెనీకి ఒక గోడౌన్ స్థలం ఉంది, వార్షిక నివేదికలో 1998 నాటి ధరకే పడుంది, రిపోర్టులో దాని ఊసే లేదు. ఆ ఒక్క ముక్క రాసి ఎక్స్ఛేంజీకీ స్కోర్స్‌కీ పెట్టాను. సీఎస్ గారూ, మీరు చెప్పినట్టు తేదీ చూస్తే 21 రోజుల్లో 17 అయిపోయాయి.

ఓటింగ్ సంగతి ఇంకో తిరకాసు. నా డీమ్యాట్‌కి ఇచ్చిన మెయిల్ ఐడీ 2020లో నెట్ సెంటర్ కుర్రాడు సృష్టించింది. పాస్‌వర్డ్ వాడికే తెలియదు, నాకెక్కడ తెలుస్తుంది. నోటీసులన్నీ అందులోకే పోతున్నట్టున్నాయి. బ్రోకరు దగ్గర మెయిల్ మార్పించడానికి ఫారం ఇచ్చాను. ఈలోపు నోటీసు వస్తే డిపాజిటరీ సైటులోకి నేరుగా వెళ్లి ఓటు వేయొచ్చా?

హిమాయత్‌నగర్ సీఎస్

వేయొచ్చు. ఫోన్ నంబరు మీదే అయితే షేర్లు దాచే డిపాజిటరీలు ఎన్‌ఎస్‌డీఎల్ గానీ సీడీఎస్‌ఎల్ గానీ, మీ డీమ్యాట్ ఎందులో ఉంటే దాని ఈ-ఓటింగ్ పేజీలో ఓటీపీతో లాగిన్ అవ్వండి. మీటింగు నోటీసు కనీసం నెల ముందు ఇవ్వాలి కాబట్టి సమయం ఉంటుంది. ఓటు హక్కు లెక్కించే కటాఫ్ తేదీ నాటికి షేర్లు మీ ఖాతాలో ఉండాలి, అంతకుముందే అమ్మితే ఓటు పోతుంది.

మిర్చియార్డు గుమస్తా

నంబరు నాదే. అమ్మను లెండి, 640 అలాగే ఉంటాయి, కొత్తవి కొనను. బావమరిది ఆ ఐదు లక్షలూ ఏసీ సరుకు (కోల్డ్ స్టోరేజీ మిర్చి) మీద పెడతానంటున్నాడు. దాని మీద నేనిక్కడ ప్రశ్న వేయక్కర్లేదు, జవాబు నా దగ్గరే ఉంది.